వరంగల్‌లో ఉంటూనే ఉద్యోగానికి సిద్ధం కావడం ఎలా? ఆన్‌లైన్ సాయం వాడుకునే పద్ధతి

డిగ్రీ చివరి ఏడాదికో, పీజీ రెండో ఏడాదికో రాగానే మన దగ్గర చెప్పే సలహా ఒకటే: "హైదరాబాద్ పోయి రూమ్ తీసుకో." గ్రూప్స్ అయితే అశోక్‌నగర్, సాఫ్ట్‌వేర్ అయితే అమీర్‌పేట. పోవద్దని నేను చెప్పను. కానీ అక్కడ నెలల తరబడి రూమ్ కిరాయి, మెస్ బిల్లు కడుతూ చేసే పనుల్లో సగానికి పైగా హన్మకొండ హాస్టల్లో కూర్చునే, కాలేజీ రిజిస్టర్లో పేరు ఉండగానే పూర్తి చేసుకోవచ్చు.

ఇది ముఖ్యంగా కాకతీయ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల్లోనూ వాటి కింది కాలేజీల్లోనూ బీఎస్సీ, బీకాం, ఎంఏ, ఎంఎస్సీ, ఎంకాం చదివేవాళ్ళ కోసం. ఎన్‌ఐటీలో చదివేవాళ్ళ దగ్గరికి కంపెనీలే నడిచి వస్తాయి. అదే ఊళ్ళో డిగ్రీ కాలేజీలో చదివేవాళ్ళు కంపెనీ గడప తామే వెతుక్కోవాలి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. కెరీర్ సాయం అంటే వీడియోలు చూడటం అనుకుంటే ఏడాది తెలియకుండానే గడిచిపోతుంది. మీ రెజ్యూమెను, మీ జవాబును, మీరు చేసిన పనిని ఆ రంగంలో ఉన్న మనిషి ఒకరు చూసి "ఇక్కడ తప్పుంది" అని చెప్పాలి. అలాంటి మనిషి మన ఇంట్లోనో, వాడలోనో దొరకడం కష్టం. నెట్‌ను ఆ మనిషిని చేరుకోవడానికి వాడండి.

1. రెజ్యూమె కంటే ముందు ప్రకటనలు చదవండి

దాదాపు అందరూ రెజ్యూమెతో మొదలుపెడతారు. ఏ ఉద్యోగానికో తెలియకుండా రాసే రెజ్యూమె ఎవరికీ పనికిరాదు. నౌకరీ, లింక్డ్ఇన్, కేంద్ర కార్మిక శాఖ నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెరిచి, మీ సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న ఫ్రెషర్ ప్రకటనలు ఒక పదిహేను ఎంచుకోండి. గూగుల్ షీట్‌లో నాలుగు గడులు చాలు: ఉద్యోగం పేరు, ఊరు, ఏం అడుగుతున్నారు, అందులో మీకు వచ్చినవి ఏవి.

పదిహేను నింపేసరికి చాలా సంగతులు తేలిపోతాయి. ఎంఎస్సీ కెమిస్ట్రీ వాళ్ళకు హైదరాబాద్ ఫార్మా కంపెనీల ప్రకటనల్లో క్యూసీ (నాణ్యత పరీక్ష), హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం), జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు) అనే మాటలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఎంకాం వాళ్ళకు ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్. ఎంఏ ఇంగ్లిష్ వాళ్ళకు కంటెంట్ రాయడం, కస్టమర్ సపోర్ట్, బీఈడీ ఉంటే టీచర్ పోస్టులు. మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటల్లో మీకు రానివి రెండు మూడు ఉంటాయి. రాబోయే ఆరు నెలల సిలబస్ అదే.

వెతికేటప్పుడు ఊరి గడిలో హైదరాబాద్ ఒక్కటే పెట్టకండి. మడికొండ ఐటీ పార్కులో 2020లోనే సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచాయి. గీసుగొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కైటెక్స్ లాంటి పెద్ద ఫ్యాక్టరీ ఉంది. బట్టల ఫ్యాక్టరీ అనగానే కుట్టు మిషన్లే గుర్తొస్తాయి గానీ, అకౌంట్స్, హెచ్ఆర్, స్టోర్స్, క్వాలిటీ విభాగాలు లేకుండా ఏ ఫ్యాక్టరీ నడవదు.

2. కాగితాల్లో పేరు సరిచూసుకోండి

చిన్న విషయంలా కనిపిస్తుంది, ఆఫర్ వచ్చాక ప్రాణం తీస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో అసలు పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉంటుంది. మన దగ్గర ఇది సర్వసాధారణం. కంపెనీ వెరిఫికేషన్ చేసేవాళ్ళు మాత్రం మూడు పేర్లున్న ముగ్గురు మనుషులను చూస్తారు.

టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిపోయేలా మార్పించండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. కాబట్టి సెంటర్‌కు వెళ్ళినప్పుడు స్పెల్లింగ్ మీరే రాసివ్వండి, రసీదులో మళ్ళీ చూసుకోండి. తర్వాత డిజిలాకర్ ఖాతా తెరిచి దొరికిన మెమోలన్నీ అందులోకి తెచ్చుకోండి. అందులో జారీ అయిన పత్రాలకు ఒరిజినల్‌తో సమానమైన చెల్లుబాటు ఉంటుంది.

ఇదే ఊపులో ఈమెయిల్ కూడా. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న హీరో పేరు ఐడీని స్నేహితులకు ఉంచి, పేరు, ఇంటిపేరుతో కొత్తది తీసుకోండి.

3. నమోదు చేసుకోవాల్సినవి

మూడు చాలు. 2015లో మొదలైన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో నమోదు ఉచితం, ఉద్యోగ మేళాల సమాచారం, కౌన్సెలింగ్ అందులో దొరుకుతాయి. రాష్ట్ర ప్రభుత్వపు డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్, అందరూ డీట్ అనేది, రెండోది. మూడోది టాస్క్. 2014లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఈ సంస్థ కాలేజీల ద్వారా శిక్షణలు ఇస్తుంది. మీ కాలేజీకి టాస్క్‌తో ఒప్పందం ఉందా, ఉంటే ఎవరు చూస్తున్నారు అని ప్లేస్‌మెంట్ సెల్‌లో అడగండి. ప్లేస్‌మెంట్ అధికారికి మీ పేరు తెలియడం కూడా ఒక నమోదే అనుకోండి. నోటీసు బోర్డుకు ఎక్కని సమాచారం ఆయన వాట్సాప్‌లో ఉంటుంది.

డిగ్రీ పూర్తయ్యాక ఏడాది పాటు స్టైపెండ్‌తో పని నేర్చుకోవాలంటే ఎన్‌ఏటీఎస్ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ కూడా చూడండి. ప్రభుత్వ రంగ సంస్థలు కూడా అప్రెంటిస్‌లను అందులోంచి తీసుకుంటాయి. చాలామందికి ఇది ఐటీఐ వాళ్ళకే అన్న అపోహ ఉంది.

4. రెజ్యూమె: ఒక పేజీ, మీ సొంత వాక్యాలు

రెజ్యూమెలు దిద్దే పని నెత్తిన వేసుకున్న నాలాంటివాళ్ళకు మొదటి రెండు లైన్లు చదవకుండానే తెలిసిపోతాయి. సంస్థ ఎదుగుదలకు తోడ్పడుతూ నా నైపుణ్యాలు మెరుగుపరుచుకోవాలని ఆశిస్తున్నాను, అని. సీనియర్ రెజ్యూమెలో పేరు మార్చి పంపితే వచ్చేది అదే. తీసేయండి. తండ్రి పేరు, కులం, మతం, ఆధార్ నంబరు, పెళ్ళయిందా లేదా, కింద పై వివరాలన్నీ నిజమని సంతకం... ప్రైవేటు ఉద్యోగానికి ఇవేవీ అక్కర్లేదు. రెండు నిలువు వరుసలు, రంగు డబ్బాలు, నైపుణ్యానికి ఐదు చుక్కల్లో నాలుగు నింపడం కూడా వద్దు. చాలా కంపెనీల్లో రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, దానికి ఆ డబ్బాలు అర్థం కాకపోవచ్చు. ఒకే వరుసలో రాసి, పీడీఎఫ్ చేసి, ఫైలుకు మీ పేరు పెట్టండి.

మిగిలేది చదువు, చేసిన పని, వచ్చిన నైపుణ్యాలు. చేసిన పని దగ్గరే అందరూ తడబడతారు. "పీజీలో ప్రాజెక్ట్ చేశాను" అంటే ఏమీ చెప్పనట్టే. ఏం చేశారు, దేనితో చేశారు, ఏం తేలింది అనే మూడూ ఒక్క వాక్యంలో రావాలి. ఉదాహరణకు: "కాలేజీ చుట్టుపక్కల 12 బోరుబావుల నీళ్ళు సేకరించి, కఠినత్వాన్ని ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలిచి, వేసవికీ వానాకాలానికీ తేడాను ఎక్సెల్ గ్రాఫుల్లో చూపించాను." ఇందులో గొప్పలేమీ లేవు. కానీ ఇంటర్వ్యూ చేసేవారికి అడగడానికి నాలుగు ప్రశ్నలు దొరికాయి, ఆ నాలుగింటికీ మీకు జవాబు తెలుసు.

చెప్పుకోవడానికి పనే లేదంటారా? ఇక్కడే, ఈ సెమిస్టర్‌లోనే సంపాదించుకోవచ్చు. కామర్స్ వాళ్ళు బాలసముద్రంలోనో, కరీంనగర్‌లోనో, మీ ఊరి దగ్గరి టౌన్‌లోనో ఆడిటర్ ఆఫీసుకు వెళ్ళి అడగండి. జీఎస్టీ రిటర్నులు నెలనెలా వేసేవాళ్ళకు, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను లెక్క చూపి కట్టే 3బీ గడువు 20వ తేదీ. ఆ తేదీల ముందు ఆ ఆఫీసుల్లో ఊపిరి సలపదు. బిల్లులు ఎక్కించే మనిషి ఊరికే వస్తానంటే కాదనేవాళ్ళు తక్కువ. రెండు నెలలు చేస్తే రెజ్యూమెలో నిజమైన ఒక లైను పడుతుంది. చరిత్ర, టూరిజం వాళ్ళకు రామప్ప గుడి ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, చూడటానికి వచ్చేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఆ గుడి గురించి పది నిమిషాల ఆడియో గైడ్ తెలుగులో, ఇంగ్లిష్‌లో మీ గొంతుతో చేసి పెట్టండి. పరిశోధన, రాత, మాట మూడూ ఒక్క లింకులో చూపించినట్టు. కంప్యూటర్ వాళ్ళకు, రాసిన కోడ్‌ను అందరికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీరు నిజంగా రాసిన చిన్న కోడ్ ఒకటి అక్కడ ఉంటే, దించుకుని పెట్టిన పది ప్రాజెక్టుల కంటే నయం.

చాట్‌జీపీటీ, జెమినై లాంటివి వాడండి, తప్పేం లేదు. రెజ్యూమెను రాసిపెట్టమనకండి. అందరికీ ఒకే నునుపైన ఇంగ్లిష్ ఇస్తాయి, మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ప్రకటన, మీ రెజ్యూమె రెండూ ఇచ్చి "ఈ ఉద్యోగానికి ఇందులో ఏం లోపించింది?" అని అడగండి. ఫోన్ నంబరు, చిరునామా తీసేసి ఇవ్వండి.

5. సీనియర్‌కు రాయండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే. పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా తప్పించుకునేదీ ఇదే. మొహమాటం, ఇంకేం లేదు.

లింక్డ్ఇన్‌లో మీ యూనివర్సిటీ పేజీ తెరిస్తే అక్కడ చదివినవాళ్ళ జాబితా ఉంటుంది. ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ కంపెనీ, ఏ సబ్జెక్టు అని వడపోసుకోవచ్చు. కాకతీయ యూనివర్సిటీ 1976 నుంచి ఉంది. అక్కడ చదివి మీ రంగంలో పనిచేస్తున్నవాళ్ళు ఎవరో ఒకరు తప్పకుండా కనిపిస్తారు. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళకంటే మీకు రెండు మూడేళ్ళ ముందు పాసైనవాళ్ళను ఎంచుకోండి. ఉద్యోగం వెతికిన బాధ వాళ్ళకింకా గుర్తుంటుంది.

రాసే ముందు మీ ప్రొఫైల్ ఒకసారి చూసుకోండి. స్పష్టమైన ఫొటో, పేరు కింద "ఉద్యోగం వెతుకుతున్నాను" అని కాకుండా ఏం చదువుతున్నారో, ఏ పని వైపు వెళ్తున్నారో చెప్పే ఒక వాక్యం చాలు. ఆ తర్వాత ఇలాంటి మెసేజ్, తెలుగులో అయినా ఇంగ్లిష్‌లో అయినా:

"నమస్తే అండీ. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎంఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మీరూ మన డిపార్ట్‌మెంట్ వాళ్ళేనని ప్రొఫైల్‌లో చూశాను. క్యూసీ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. ప్రకటనల్లో హెచ్‌పీఎల్‌సీ అడుగుతున్నారు, మాకు చేతితో వాడే అవకాశం తక్కువ. ఫ్రెషర్‌గా చేరినప్పుడు మిమ్మల్ని దాని గురించి ఎంత లోతుగా అడిగారు? వీలున్నప్పుడు రెండు ముక్కలు చెప్పినా చాలు."

ఇందులో ఉద్యోగం అడగలేదు, రెజ్యూమె తగిలించలేదు. ఆ మనిషి మాత్రమే చెప్పగల ఒక్క ప్రశ్న ఉంది, ఫోన్లో రెండు నిమిషాల్లో జవాబివ్వగలిగేది. "హాయ్ సార్, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అన్న మెసేజ్‌కు జవాబివ్వాలంటే ఆయన మీ జీవితమంతా కూర్చుని ఆలోచించాలి, కాబట్టి ఇవ్వరు.

జవాబు వస్తే వెంటనే థ్యాంక్స్ చెప్పండి. ఆ సలహా ప్రకారం ఏదైనా చేశాక, వారం పది రోజులకు, ఏం చేశారో మళ్ళీ రాయండి. రెజ్యూమె చూసిపెట్టమని అడగాల్సింది అప్పుడు. చాలా కంపెనీల్లో ఉద్యోగులు తమకు తెలిసినవాళ్ళను రిఫర్ చేయొచ్చు. మీరు చెప్పింది చేసే మనిషి అని తెలిశాక ఆ మాట వాళ్ళ నోటినుంచే వస్తుంది. అన్నా, అక్కా అనే చనువు కూడా అప్పటికి దానంతటదే వస్తుంది. మొదటి మెసేజ్‌లో "గారు" పెట్టండి, "బ్రో" వద్దు.

జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి వదిలేయండి, ఇంకొకరికి రాయండి. పట్టించుకోలేదని బాధపడే పని లేదు, అందులో చాలామంది లింక్డ్ఇన్ తెరిచి నెలలవుతుంది.

6. కోర్సు ఒక్కటి

మొదటి మెట్టులో తేలిన లోటుకు ఒక్క కోర్సు తీసుకుని పూర్తి చేయండి. ఉచిత సర్టిఫికెట్లు ఇరవై తగిలించిన రెజ్యూమె చూస్తే ఏదీ నేర్చుకోలేదని అనుమానం వస్తుంది. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ వేదిక స్వయం, ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో చేరడం, పాఠాలు వినడం ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు. ఎన్‌పీటెల్‌లో వారం వారం అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. పరీక్ష కేంద్రానికి వెళ్ళి రాయాలి, అందుకే దానికి విలువ. కొన్ని కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకునే వీలు కూడా ఉంది, చేరే ముందే హెచ్‌ఓడీని అడగండి.

7. నోరు విప్పే సాధన

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు అసలు టెన్షన్ ఇక్కడ. దీనికి నాకు తెలిసిన దారి ఒకటుంది. "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు ముందు తెలుగులోనే, స్నేహితుడికి చెప్పినట్టు, ఫోన్లో రికార్డు చేయండి. వినండి. తెలుగులోనే తడబడుతున్నారంటే ఇబ్బంది భాషది కాదు, విషయం ఇంకా కుదురుకోలేదు. అది కుదిరాక అదే జవాబును చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పండి. బట్టీ పట్టకండి, మధ్యలో ఒక ప్రశ్న అడ్డం వస్తే బట్టీ పట్టింది మొత్తం ఎగిరిపోతుంది.

తర్వాత పక్క రూమ్‌లో ఉన్న స్నేహితుడితో గూగుల్ మీట్‌లో మాక్ ఇంటర్వ్యూ. ఎదురుగా కూర్చుని చేస్తే నవ్వులాటే అవుతుంది, స్క్రీన్ మధ్యలో ఉంటే కాస్త గంభీరంగా ఉంటారు. ప్రశ్నలు అతనికి తోచకపోతే ఏఐని అడగమనండి: ప్రకటన ఇచ్చి, ఒక్కో ప్రశ్నే అడిగి, జవాబు విన్నాక లోపం చెప్పమని. కొన్ని కంపెనీల మొదటి రౌండులో అసలు మనిషే ఉండడు. ప్రశ్న తెరమీద వస్తుంది, కొన్ని సెకన్లు ఆలోచించుకుని కెమెరాకు చెప్పాలి. దానికీ ఇదే సాధన.

అసలు రోజున వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి. ఫోన్‌తో చేస్తుంటే చేత్తో పట్టుకోకుండా పుస్తకాల దొంతరకు ఆనించండి. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో ఒకదానికి కాల్ వస్తే రెండోదాని డేటా ఆగిపోవచ్చు, కాబట్టి ఇంటికి ముందే ఫోన్ చేసి ఆ గంట ఎవరూ చేయవద్దని చెప్పండి. వేరే నెట్‌వర్క్ ఉన్న ఇంకో ఫోన్‌ను హాట్‌స్పాట్‌కు సిద్ధంగా పెట్టుకోండి. హాస్టల్లో గోల ఎక్కువైతే డిపార్ట్‌మెంట్‌లో ఖాళీ గది అడగండి, సాధారణంగా ఇస్తారు. కాజీపేటలో ఉండేవాళ్ళకు రైలు కూత తప్పదు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక ప్రశ్నకు ఇంట్లో ముందే జవాబు తెచ్చుకోండి: వేరే ఊరు వెళ్తారా, నైట్ షిఫ్ట్ చేస్తారా? ముఖ్యంగా అమ్మాయిలకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఇంటర్వ్యూలో సరేనని, ఆఫర్ వచ్చాక ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పడం కంటే అమ్మానాన్నలతో ఆ మాట ఇప్పుడే కదపడం మంచిది.

గ్రూప్స్‌కు చదివేవాళ్ళు

టీజీపీఎస్సీ వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌లో వివరాలు సరిచూసుకుని ఉంచండి, నోటిఫికేషన్ పడ్డాక సర్వర్ మీద అందరూ పడతారు. రాష్ట్ర ప్రభుత్వపు టీ-సాట్ నిపుణ ఛానెల్ పాఠాలు తెలుగులో ఉచితంగా ఉన్నాయి, కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఒక సబ్జెక్టు వాటితో చదివి చూడండి. నోటిఫికేషన్లు మన చేతిలో ఉండవు కాబట్టి, పైన చెప్పిన రెజ్యూమె లైను ఒకటి పక్కన పెంచుకుంటూ పొండి.

8. డబ్బు అడిగితే ఆగిపోండి

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ, పేరేదైనా సరే, ఉద్యోగం ఇచ్చేవాడు ముందు డబ్బు అడగడు. వీడియోలకు లైకులు కొడితే డబ్బులని మొదలై చివరికి మన దగ్గరే లాగే టెలిగ్రామ్ గ్రూపులు, ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేస్తే గడువు తప్పావని లీగల్ నోటీసు పంపేవాళ్ళు, అందరూ ఒకే గూటి పక్షులు. బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామని లక్షలు అడిగేవాళ్ళ జోలికి అసలు పోకండి. దొంగ అనుభవ పత్రం వెరిఫికేషన్‌లో బయటపడితే డబ్బుతో పాటు పేరు కూడా పోతుంది. ఆఫర్ మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, మామూలు జీమెయిల్ నుంచా చూడండి. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే వీలు అంత ఎక్కువ.

9. ఆఫర్ లెటర్ చదవడం

సంతోషంలో సంతకం పెట్టేయకండి. సీటీసీ (ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అని రాసిన మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేది చేతికొచ్చే జీతం కాదు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని బోనస్ కూడా అందులోనే ఉంటాయి. నెలకు చేతికి ఎంత వస్తుందని హెచ్ఆర్‌ను సూటిగా అడగండి, అది మర్యాద తక్కువ ప్రశ్నేమీ కాదు. బాండ్ ఉందా, ఎన్నాళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీసు పీరియడ్ ఎంత? అర్థం కాని పేరా ఉంటే ఐదో మెట్టులో పరిచయమైన సీనియర్‌ను అడగండి, జీతం అంకె కప్పేసి ఆ పేరా ఒక్కటే పంపినా చాలు. ఒరిజినల్ మెమోలు మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకోండి. తమ దగ్గరే ఉంచుకుంటామని అన్నారంటే, ఎందుకో మెయిల్‌లో రాసి పంపమనండి.